నిమ్మకు తగిన చోటు

పులుసు పలుచనైతే మరికాసేపు మరగనిస్తే చిక్కబడుతుంది. కూరలో ఉప్పు చాలకపోతే దించే ముందు చిటికెడు చల్లవచ్చు. పొయ్యి మీద ఉన్నంతసేపూ ఇటువంటి వంటకాలు చెప్పినట్టు వింటాయి. కేకు స్వభావం వేరు. పిండి ఓవెన్‌లోకి వెళ్ళిన తరువాత సవరించడానికి ఏమీ మిగలదు. వెన్న, గుడ్లు, పంచదార వంటి ఖరీదైన సరుకులను ఒక్కసారిగా పణం పెట్టి, తలుపు మూసి, వేచి ఉండవలసిందే. అందుచేత కేకు చేయడంలో నేర్పంతా నిప్పు సోకక ముందే చూపవలసి ఉంటుంది.

పొరల నిమ్మ కేకులో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నిమ్మ రుచి బాగా తెలియాలన్న ఆశతో రసమంతా పిండిలో కలిపివేయడం కొత్తవారికి సహజంగా తోచే ఆలోచన. ఫలితం మాత్రం విరుద్ధంగా ఉంటుంది. బేకింగ్ పౌడరులో సోడా, దానికి సరిపడే ఆమ్లం ముందే తూకం ప్రకారం కలిసి ఉంటాయి. అదనంగా నిమ్మ పులుపు చేరితే సోడా గిన్నెలోనే పొంగి, ఓవెన్‌లో కేకును లేపవలసిన వాయువు వృథాగా పోతుంది. పులుపులో కొంత భాగం సోడాతోనే సరిపోతుంది. అటు కేకు లేవదు, ఇటు నిమ్మ రుచీ దక్కదు.

నిమ్మ సువాసన ఉన్నది రసంలో కాదు, తొక్క పైపొరలోని సన్నని నూనె తిత్తులలో. కాబట్టి ఈ కేకుకు సూత్రం ఒక్కటే: తొక్క పిండిలోకి, రసం పొరల నడుమకు.

పాశ్చాత్య వంట పుస్తకాలలో చెప్పే లెమన్ కోలగా, పసుపుపచ్చగా, దళసరి తొక్కతో ఉంటుంది. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి వచ్చే మన నిమ్మ గుండ్రని చిన్న కాయ, తొక్క పలుచన. హిందీలో దీనిని కాగితం పేరుతోనే ‘కాగజీ నీంబూ’ అంటారు. కనుక తురిమేటప్పుడు చేయి తేలికగా ఆడించాలి. రంగున్న పైపొర మాత్రమే రావాలి. దాని కింది తెల్లని పొర చేదు. నాలుగు కాయల తొక్కను పంచదారలో వేసి వేళ్ళతో నలిపితే, నూనె పంచదారకు పట్టి వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది.

ఈ కేకుకు ఆధారం ఇంగ్లండులో విక్టోరియా రాణి పేరు మీద ప్రసిద్ధమైన రెండు పొరల స్పాంజి కేకు. దాని పొంగుకు తోడ్పడిన బేకింగ్ పౌడరును బర్మింగ్‌హామ్‌కు చెందిన రసాయనశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో తయారుచేశాడు. ఆయన భార్యకు ఈస్టు పడేది కాదు. ఆమె కోసం ఈస్టు లేని రొట్టె చేయబోయి ఆయన కనిపెట్టిన పొడి ఎన్నో దేశాల వంటిళ్ళకు చేరింది.

కొలత సులభం. నాలుగు గుడ్లను పెంకులతోనే తూచి, అంతే తూకం ఉప్పు లేని వెన్న, పంచదార, మైదా తీసుకోవాలి. ఒక్కొక్కటి సుమారు 200 గ్రాములు అవుతుంది. మైదాలో రెండు చెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలిపి జల్లించాలి. వెన్నను, తొక్క నలిపిన పంచదారను తెల్లబడేవరకు గిలకొట్టాలి. పంచదార పలుకులు వెన్నలో గాలిగదులు ఏర్పరుస్తాయి. బేకింగ్ పౌడరు కొత్త గదులు కట్టదు, ఉన్నవాటినే పెద్దవి చేస్తుంది. ఈ పని తొందరగా ముగిస్తే ఆ తరువాత ఎంత పౌడరు వేసినా ప్రయోజనం లేదు.

మన ఎండలకు వెన్న కరిగి నూనెగా మారితే గాలి నిలువదు. వేసవిలో ఈ పని తెల్లవారుజామున, గిన్నెను చన్నీళ్ళలో ఉంచి చేయడం మేలు. గుడ్లు ఒక్కొక్కటిగా కలిపి, చివర మైదాను అడుగు నుంచి పైకి తీస్తూ మెల్లగా చేర్చాలి. ఎక్కువగా కలిపితే మైదాలోని జిగురు బిగిసి కేకు గట్టిపడుతుంది.

20 సెంటీమీటర్ల పళ్ళేలు రెండింటికి వెన్న రాసి, పిండి సమంగా సర్ది, ముందే 180 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి. మొదటి 15 నిమిషాలలో తలుపు తెరిస్తే, ఇంకా గట్టిపడని కేకు కుంగిపోతుంది. మధ్యలో గుచ్చిన పుల్ల తడి లేకుండా రావడమే గుర్తు. ఓవెన్ లేని ఇంట సగం కొలతలతో, అడుగున ఉప్పు పరిచి, వాషరు, వెయిటు తీసివేసిన కుక్కరులో ఒకే కేకుగా కాల్చవచ్చు. చల్లారాక దారంతో అడ్డంగా కోస్తే రెండు పొరలవుతాయి.

ఇక రసం వంతు. రెండు కాయల రసంలో 50 గ్రాముల పంచదార కరిగించి, ఓవెన్ నుంచి దించిన వెంటనే పొరల మీద చెంచాతో పోయాలి. నడుమ పూయడానికి లెమన్ కర్డ్ కావాలి. పేరు అదైనా దీనికి పెరుగుతో సంబంధం లేదు. రెండు గుడ్లు, 100 గ్రాముల పంచదార, 50 గ్రాముల వెన్న, నాలుగు కాయల రసం ఒక గిన్నెలో వేసి, మరుగుతున్న నీటి పాత్ర మీద పెట్టి, గరిటెకు అంటుకునేంత చిక్కబడేవరకు కలుపుతూ ఉండాలి. మరిగితే గుడ్డు విరిగిపోతుంది. గిన్నె స్టీలుదో, గాజుదో కావాలి. కళాయి లేని ఇత్తడి పాత్రలో పులుపు చిలుము పట్టి విషమవుతుంది.

కర్డ్, పొరలు పూర్తిగా చల్లారిన తరువాతే ఒకదానిపై ఒకటి పేర్చాలి. వేడి మీద పూస్తే కర్డ్ జారి, పై పొర పక్కకు ఒరుగుతుంది. ఇంతవరకు ఓపిక పట్టినవారు ఆఖరి గంటలో తొందరపడి కేకును పాడుచేసుకోవడం విచారకరం. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచితే పాకం పొరలకు సమంగా పట్టి, రుచి మరింత నిలదొక్కుకుంటుంది. రెండు మూడు రోజులలో తినివేయాలి. ఈ హెచ్చరిక అవసరమయ్యే ఇళ్ళు తక్కువే.