అద్దం కాస్త దించితే సరిపోదు

జగదల్‌పూర్ నుంచి భద్రాచలం వైపు 30వ నంబరు జాతీయ రహదారిపై వెళ్తూ మే నెల మధ్యాహ్నం దోర్నపాల్‌లో టీకి ఆగారనుకుందాం. 'ఐదు నిమిషాలే కదా' అని పెంపుడు కుక్కను కారులోనే ఉంచి, అద్దం రెండు వేళ్ల మేర దించి దిగుతారు. ఆ సందు మీద పెట్టుకున్న నమ్మకమే ప్రమాదం.

ఎండ అద్దం గుండా సులువుగా లోపలికొస్తుంది. సీట్లు, డ్యాష్‌బోర్డు వేడెక్కి లోపలి గాలిని వేడి చేస్తాయి. ఆ గాలి బయటికి పోలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన కొలతల్లో, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగింది. అందులో 80 శాతం తొలి అరగంటలోనే! అద్దం కాస్త దించినా పెద్ద తేడా కనిపించలేదు.

మనలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, నోటిలోని తడి ఆవిరవుతుంటే చల్లబడుతుంది. మూసిన కారులో ఆ ఆవిరే ఉక్క పెంచి, రొప్పినా ఫలితం లేకుండా చేస్తుంది. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయమే. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ముప్పు మరీ ఎక్కువ.

జంతుహింస నిరోధానికి 1960లోనే చట్టం వచ్చింది. కానీ అందులో తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఈ మొత్తాన్ని పెంచాల్సిందే. అయితే కారులో చిక్కుకున్న కుక్కను ఏ జరిమానా కాపాడలేదు, యజమాని నిర్ణయమే కాపాడాలి. దిగేటప్పుడు వెంట తీసుకెళ్లాలి, కుదరదనుకుంటే ఇంటి నీడలోనే ఉంచి రావాలి.