ఆదాయ నిబంధనలు – మన రైతులు

ప్రభుత్వ సహాయము కోరి వచ్చిన రైతును కచేరీలో మొదట అడుగు ప్రశ్న "మీ ఆదాయమెంత?" అనునది. ఆ ప్రశ్నకు జంకి, అర్హత యుండియు దరఖాస్తు పెట్టక వెనుదిరుగువారు మనలో ఉండరాదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి క్రింద రైతు కుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా లభించుచున్నవి. ఇందు ఆదాయము ఇంతకు మించరాదను హద్దు లేదు. కొన్ని తరగతులవారిని మాత్రము మినహాయించినారు. గడచిన మదింపు సంవత్సరమున ఆదాయపు పన్ను చెల్లించినవారు, నాలుగవ తరగతివారు తప్ప తక్కిన ప్రభుత్వోద్యోగులు, నెలకు 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని పింఛను పొందువారు అందు ముఖ్యులు. కుటుంబమనగా భర్త, భార్య, మైనరు బిడ్డలు మాత్రమే. కావున బెంగుళూరులో ఉద్యోగము చేయుచు పన్ను చెల్లించు కుమారుడున్నంత మాత్రమున, హోసూరు దాపున సేద్యము చేసికొను తండ్రి అనర్హుడు కాడు. అనర్హులు పుచ్చుకొన్న సొమ్మును మాత్రము ప్రభుత్వము తిరిగి రాబట్టును; అట్టి సొమ్ము మనకు వలదు.

అయినను ఈ నిబంధనలలో న్యాయము సంపూర్ణముగా లేదని మా అభిప్రాయము. వ్యవసాయాదాయముపై కేంద్రపు ఆదాయపు పన్ను లేదు. అందుచే విస్తారమైన మాగాణి గల ఆసామియు అర్హుడు కాగలడు. ఒరుల పొలమును కౌలుకు చేయు నిరుపేద, తన పేర భూమి లేనందున, అర్హుడు కాజాలడు. కౌలుదారులను ఈ నిధిలో చేర్చవలయునని కోరుచున్నాము.

మన కుటుంబములకు మరియొక చిక్కు కలదు. పంపకములు జరుగక తాతముత్తాతల పేరనే నిలిచిన పట్టాలు మనలో అరుదు కావు. ఈ నిధికి 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి తమ పేర నుండవలయును. ఆ పిమ్మట యజమాని మరణించగా వారసత్వముగా వచ్చిన భూమికి మాత్రము మినహాయింపు గలదు. వారసులు పట్టా మార్పిడిని వాయిదా వేయరాదు.

పాడిపశువులు, మేకలు, కోళ్లు పెంచువారికి మరియొక మార్గమున్నది. 2018–19 బడ్జెటులో కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషణకును విస్తరింపజేసిరి. కొట్టము అద్దెదైనను, కౌలుదారుడైనను దీనికి అర్హుడే. 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు లేకయే అప్పు దొరకును.

ఇక భాష సంగతి. భాషాల్పసంఖ్యాకులు నూటికి 15 నుండి 20 మంది యున్న ప్రాంతములలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను, నిబంధనలను వారి భాషలోను ప్రకటించుట మేలని 1956లో కేంద్రప్రభుత్వపు పత్రము సూచించినది. రాజ్యాంగపు 350వ అధికరణము రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారికి తన కష్టమును విన్నవించుకొను హక్కు నిచ్చినది. ఆ సూచనను అమలు జరుపుమని కలెక్టరులను అడుగుదము. అంతవరకు మన శాఖలవారు ఈ నిబంధనలను తెలుగున వ్రాయించి, ఊరూర చదివి వినిపింతురు గాక.