కొండెక్కిన ధర, కొండెక్కిన దీపం

డెస్కులో చేరిన కొత్తలో నాకిచ్చిన ఏజెన్సీ వార్తలో వంటనూనె ధరల ‘స్టీప్ రైజ్’ గురించి ఉంది. నిఘంటువు తిరగేసి ‘నిటారు పెరుగుదల’ అని రాశాను. మా చీఫ్ సబ్ ఎడిటర్ దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పైన ‘నూనె సలసల’ అని రాసి కాగితం నా వైపు తోశారు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

ఇంగ్లిషులో పెరగడానికి ఎన్ని మాటలో! ధరలు ‘సోర్’ అవుతాయి. అది గాలిలోకి లేచే పక్షి మాట. జనం, డిమాండు ‘సర్జ్’ అవుతాయి. అందులో అల ఉంది, తిరుమలకు భక్తులు పోటెత్తారంటే మన మాటలో సముద్రం ఉన్నట్టే. ‘మౌంట్’ అయ్యేవి అప్పులు, ఒత్తిళ్ళు, ఉద్రిక్తతలు. పసిబిడ్డ బరువు పెరిగితే ఆ మాట వాడరు. ‘స్కైరాకెట్’ అంటే తారాజువ్వ. జువ్వ పైకెళ్ళి, పేలి, పుల్ల ఎవరింటి డాబా మీదో పడుతుంది. ఇంగ్లిషువాడు ధరల దగ్గర మొదటి సగమే ఉంచుకున్నాడు.

వాళ్ళకు వాన ‘హెవీ’, ట్రాఫిక్ ‘హెవీ’. పెరుగుదల మాత్రం ‘షార్ప్’. మనకు వానా భారీయే, ధరల పెంపూ భారీయే. అందుకే మనవాళ్ళు ఇంగ్లిషులో మాట్లాడుతూ రేట్లు ‘హెవీగా’ పెరిగాయంటారు. వ్యాకరణంలో తప్పు దొరకదు, మాట పక్కన మాట కుదరదంతే.

మాటకు మాట కుదిరే ఈ పొత్తునే కొలొకేషన్ అంటారు. దానికి భాషాశాస్త్రంలో పీట వేసిన లండన్ ప్రొఫెసర్ జె.ఆర్. ఫర్త్ అంతకుముందు లాహోర్‌లో పాఠాలు చెప్పాడు. 1937లో మళ్ళీ మన దేశం వచ్చి గుజరాతీతో పాటు తెలుగునూ పరిశీలించాడు. ‘కొండెక్కింది’ అనే మాట ఆయన చెవిన పడి ఉంటే బాగుండేది. ధర కొండెక్కితే పెరిగినట్టు, దీపం కొండెక్కితే ఆరిపోయినట్టు. క్రియ ఒక్కటే. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఒకచోట జేబుకు చిల్లు, ఇంకోచోట ఇంట్లో చీకటి.

ఇంత సంపద పెట్టుకుని మన పత్రికలు, మా పత్రికతో సహా, ‘గణనీయంగా పెరిగింది’ అనే ఒక్క మాటతో రోజులు నెట్టుకొస్తున్నాయి. అక్షరాస్యత గణనీయంగా, దోమలు గణనీయంగా. దోమల్ని గణించిందెవరు? ఎండ ముదురుతుంది, పొద్దెక్కుతుంది, అప్పు పేరుకుంటుంది, ఏరు పొంగుతుంది, బంగారం ఎగబాకుతుంది. ఇవన్నీ డెస్కు గుమ్మం దాటేసరికి ఎక్కడికి పోతాయో తెలియదు.

అలాంటి మాటలు వినాలంటే ఏటి గట్టుకు వెళ్ళాలి. భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలున్నాయి. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. అంకెలు పక్కన పెడితే, ఒడ్డున ఉన్నవాళ్ళ ప్రశ్న ఒక్కటే: ‘ఇంకా పెరుగుతోందా, నిలకడగా ఉందా?’ ఆ తర్వాత అందరూ ఎదురుచూసే మాట, వరద తగ్గుముఖం పట్టిందని. తెలుగులో తగ్గేదానికి ముఖం ఉంది. పెరుగుముఖం పట్టిందని మాత్రం ఏ గట్టు మీదా ఎవరూ అనగా నేను వినలేదు.