చెప్పి వెళ్ళండి



ఈ నెల ఒక సినిమా గూర్చి వ్రాస్తున్నాము. సంఘ పత్రికలో సినిమా సంగతులేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. మేము చెప్పబోయేది తారల ముచ్చట్లు కాదు. బండరాయికి చెయ్యి చిక్కుకుని ఐదు దినాలు ఒంటరిగా గడిపిన మనిషి సంగతి. అది కట్టుకథ కాదు, నిజంగా జరిగింది.

ఆ సినిమా పేరు ‘127 అవర్స్’, అనగా నూట ఇరవై ఏడు గంటలు. 2010లో వచ్చింది. తీసినవారు డానీ బోయల్, సంగీతం మన ఎ.ఆర్. రెహమాన్. ఆరన్ రాల్‌స్టన్ అనే అమెరికా యువకుని అనుభవమే దాని కథ. 2003 ఏప్రిల్ 26, శనివారం నాడు, 27 ఏళ్ళ ఆరన్ యూటా రాష్ట్రంలోని బ్లూజాన్ అనే లోయకు ఒక్కడే వెళ్ళాడు. నీళ్ళు పారి పారి కొండ నిలువునా కోసుకుపోయిన ఇరుకు సందు అది. దానిలో దిగుతుండగా ఒక బండ కదిలి జారి, అతని కుడి చేతిని గోడకు అదిమిపట్టేసింది. బండ బరువు సుమారు 360 కిలోలు. నాలుగైదు బస్తాల వడ్లు ఒక చేతిమీద పడినట్లు ఊహించుకోండి.

అతని వద్ద ఉన్నవి కొద్దిపాటి నీళ్ళు, పూటకు చాలని తిండి, తాడు, చిన్న వీడియో కెమెరా, ఒక మొండి చాకు. రాతిని చెక్కి చూశాడు. తాడు కట్టి లాగి చూశాడు. అది కదలలేదు. నీళ్ళు అయిపోయాయి. తల్లిదండ్రులకు కడసారి మాటలు కెమెరాలో చెప్పుకున్నాడు. చివరికి మే 1వ తేదీన తన చేతి ఎముకలను తానే విరుచుకొని, ఆ మొండి చాకుతో చెయ్యి కోసుకొని బయటపడ్డాడు. ఒంటి చేత్తో తాడు పట్టుకొని ఇరవై మీటర్ల క్రిందికి దిగి, రక్తమోడుతూ నడుస్తుంటే, విహారానికి వచ్చిన ఒక కుటుంబంవారు ఎదురై నీళ్ళిచ్చారు. తరువాత హెలికాప్టరు వచ్చి ఆసుపత్రికి చేర్చింది. చెయ్యి కోసుకునే ఘట్టం చూడడం పెద్దలకే కష్టం. చిన్నపిల్లలకు చూపవద్దు.

చూసినవారందరూ అతని ధైర్యం గూర్చి చెప్పుకుంటారు. అది నిజమే. అయితే మా మనస్సు సినిమా మొదట్లోనే ఆగిపోయింది. ఇంటివాళ్ళ ఫోను మోగుతూ ఉంటుంది, అతడు తియ్యడు. ఎక్కడికి పోతున్నదీ ఒక్కరికీ చెప్పకుండా సంచి భుజాన వేసుకొని బయలుదేరతాడు. అతణ్ణి బంధించింది ఆ బండ ఒక్కటే కాదు. “ఫలానా చోటికి పోతున్నాను, ఫలానా వేళకు రాకపోతే వెదకండి” అన్న ఒక్క మాట చెప్పి ఉంటే, రెండవ రోజునే మనుషులు బయలుదేరి ఉండేవారు. వారం మొదట్లో పనికి రాలేదని తోటివారు గమనించి, తల్లి కంగారుపడి నలుగురినీ కదిలించి, అధికారులు అతని బండి నిలిపిన చోటు కనిపెట్టేసరికి గురువారమైంది. ఆ హెలికాప్టరు వారంతా వెదికిన ఫలితమే. తరువాత కూడా అతడు కొండలెక్కడం మానలేదు గాని, ఎక్కడికి వెళ్ళేదీ తప్పక చీటీ వ్రాసిపెట్టి వెళ్తాడని సినిమా చివర చూపుతారు. ఆ చీటీ ఖరీదు ఒక చెయ్యి.

ఇది అమెరికా సంగతి, మనకెందుకు అనకండి. 2022 డిసెంబరు 13న కామారెడ్డి జిల్లా అడవిలో ఒకాయన సెల్‌ఫోను బండల సందులో పడిపోయింది. తీయబోయి ఆయన తలక్రిందులుగా ఇరుక్కుపోయాడు. అయితే ఆయన ఒంటరిగా లేడు, వెంట తోడు ఉన్నాడు. కాబట్టి కబురు ఊరికి చేరింది. మొదట తనవాళ్ళు ప్రయత్నించారు, మర్నాడు పోలీసులకు తెలియజేశారు. నీళ్ళందిస్తూ, మాట్లాడి ధైర్యం చెబుతూ, యంత్రాలతో బండలు తొలిచి, సుమారు నలభై రెండు గంటల తరువాత 15వ తేదీ మధ్యాహ్నం ప్రాణాలతో బయటికి తీశారు. ఆరన్‌కూ ఆయనకూ తేడా ఒక్కటే, ఆయన ఎక్కడున్నాడో ఎరిగిన మనిషి ఒకడున్నాడు. ఒంటరివాడు పడిపోతే లేవనెత్తేవాడు ఉండడని ప్రసంగి గ్రంథం నాల్గవ అధ్యాయం చెప్పే సంగతి మీరెరిగినదే.

చెప్పి వెళ్తే ప్రతిసారీ ప్రాణం దక్కుతుందని మేము అనడం లేదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 దినాలలో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను ఎక్కిన ఘనుడు. 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలపై ఒంటరిగా వెళ్ళి కనబడకుండా పోయాడు. ఏ శిఖరానికి వెళ్ళాడో తెలుసు గనుక వెదికేవారికి చోటు తెలిసింది. ఏప్రిల్ 3న దేహం దొరికింది. అది సొంత ఊరికి చేరింది, కన్నతల్లి కడసారి చూచుకున్నది. జాడ తెలియని బిడ్డకోసం ఏళ్ళ తరబడి గుమ్మంవైపు చూసే తల్లి బాధకంటె, అది కొంత ఓదార్పు.

మా నకరికల్లు చుట్టుప్రక్కల మనుషులు ఒంటరిగా తిరగడం నిత్యం ఉన్నదే. అర్ధరాత్రి కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి చేనుకు పోయే రైతు ఉన్నాడు. గొర్రెలను తోలుకొని గుట్టలవెంట పోయే కాపరి ఉన్నాడు. మాచర్ల దాటితే నల్లమల అడవి. అక్కడ చాలాచోట్ల ఫోను పలకదు. పాము కరిచినా, కాలు విరిగినా, అతడు ఏ వైపు పోయాడో తెలిస్తేనే సహాయం అందేది.

మనలో ఒక నమ్మకముంది. బయలుదేరేవాణ్ణి “ఎక్కడికి?” అనకూడదట, శకునం చెడుతుందట. అందుకే “ఎందాకా?” అని అడుగుతారు. శకునం మాట అటుంచి, అడగవలసినది తప్పక అడగండి. ఎక్కడికి, ఏ దారిని, ఎప్పటికి తిరిగి వస్తావు? ఈ మూడూ తెలిస్తే చాలు. ఇంట్లో ఎవరూ లేకపోతే పొరుగింటి అమ్మకైనా చెప్పి వెళ్ళండి. చెప్పిన వేళ దాటితే ఆలస్యం చేయకండి. మనిషి కనబడకపోతే ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమమేమీ లేదు. 112కు ఫోను చేయండి, ఏ పోలీసు స్టేషనుకైనా పోయి చెప్పండి. నలుగురిలో నగుబాటని దాచకండి.

ఇంకొక మాట. అప్పు బాధతోనో, పరీక్ష తప్పిందనో, ఇంట్లో మాటామాటా పెరిగో చెప్పకుండా గడప దాటేవారున్నారు. చెబితే తిట్లే గదా అన్న భయం వారిది. తండ్రులారా, తల్లులారా, మీ పిల్లవాడు నోరు తెరిచి చెప్పినప్పుడు ముందుగా వినండి. మందలింపు మర్నాటికి ఆగుతుంది. చెబితే వినేవారు ఇంట్లో ఉన్నప్పుడే మనిషి చెప్పి వెళ్తాడు.

తెలుగువాళ్ళం గడప దాటేటప్పుడు “వెళ్తున్నాను” అనము, “వెళ్ళొస్తాను” అంటాము. తిరిగి వస్తానన్న మాట అందులోనే ఉన్నది. దానికి చోటూ వేళా కూడ జతచేయుడి.