చీకటిని స్తుతించేవారు

విద్యుత్తు లేని జీవనాన్ని ప్రశంసించే వ్యాసాలు మన దేశభాషలలో విరివిగా వస్తున్నవి. హిందీలో అటువంటివి నేను కొన్ని చదివాను. ఒకటి రెండు అనువాదం కొరకు నా వద్దకు వచ్చినవి కూడా. వాటిలో పల్లె ఉంటుంది, నూనెదీపం ఉంటుంది, ఆకాశం నిండా చుక్కలు ఉంటవి, యంత్రపు రొద ఎరుగని నిశ్శబ్దం ఉంటుంది. ఆ దీపంలో నూనె ఎవరు పోశారో, దాని పొగ ఎవరు పీల్చారో మాత్రం ఉండదు.

విద్యుత్తు లేకుండా బ్రతకడం వ్రతమైతే, ఆ వ్రతం పట్టే అధికారం అది ఉన్నవానికే కలదు. లేనివానికి అది వ్రతం కాదు, పస్తు. ఏకాదశినాడు ఉపవాసమున్నవానిని, ఇంట గింజలు లేక కడుపు మాడ్చుకొన్నవానిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఇద్దరినీ భక్తులనడం ఏమి న్యాయం?

పుణే నగరంలో, బుధవార్ పేటలో, డాక్టర్ హేమా సానే అనే వృక్షశాస్త్ర అధ్యాపకురాలు జీవితమంతా విద్యుత్తు లేని ఇంటనే గడిపారు. నడిబొడ్డున నివాసం, తీగ చేతికందే దూరంలోనే ఉన్నది. ఆమె వద్దన్నారు. ఆ ఇంటనే ఉండి గ్రంథాలు వ్రాశారు. ఆ నిష్ఠకు నమస్కరిస్తాను. కాని ఆమె చదువుకొన్న మనిషి, ఉద్యోగం చేసిన మనిషి, వద్దనగల మనిషి. ఆమె కథను మోసుకొనిపోయి, కిరసనాయిలు బుడ్డి ముందు కళ్ళు నలుపుకొంటూ చదివే పిల్లవానికి నీతిపాఠంగా వినిపించేవారితోనే నా తగవు.

పల్లె ఏమి కోరుతున్నదో పల్లెనే అడిగితే తెలుస్తుంది. బీహారులో జహానాబాదు జిల్లాలో ధర్నై అనే ఊరు ఉన్నది. దాదాపు ముప్పై ఏండ్లు అది కరెంటు లేకుండా గడిపింది. 2014లో గ్రీన్‌పీస్ సంస్థ అక్కడ 100 కిలోవాట్ల సౌర విద్యుత్కేంద్రాన్ని, బ్యాటరీలతో సహా నెలకొల్పింది. సుమారు 450 ఇండ్లకు, 50 దుకాణాలకు వెలుగు వచ్చింది. దేశదేశాల పత్రికలు వ్రాశాయి. ఆ సంబరం ముగియకముందే ఊరివారు నినాదం ఎత్తుకొన్నారు: మాకు 'అసలీ బిజిలీ' కావాలి, 'నకలీ బిజిలీ' వద్దు.

భాషాంతరం చేసేవానికి ఈ రెండు మాటలు తేలికగా కనిపిస్తవి గాని తేలిక కావు. 'నకలీ'ని నకిలీ అని వ్రాసి ఊరుకొంటే అర్థం జారిపోతుంది. సూర్యునినుంచి వచ్చిన విద్యుత్తులో కల్తీ ఏముంటుంది? ఊరివారు పసిగట్టినది వేరు. ఆ కరెంటుతో దీపం వెలిగించుకోవచ్చును, సెల్‌ఫోను నింపుకోవచ్చును. ఫ్రిజ్జు పెట్టుకోరాదు, హీటరు పెట్టుకోరాదు. ప్రభుత్వపు తీగనుంచి వచ్చే కరెంటుకన్నా దీని ఖరీదు కూడా ఎక్కువ. పట్నంవాడు తక్కువ ధరకు ఎంత కావలిస్తే అంత వాడుకోవచ్చును. పల్లెవాడు ఎక్కువ ధర ఇచ్చి కొలిచి పోసినంతే వాడుకోవలెను. ఈ తేడాకు వారు పెట్టిన పేరే 'నకలీ'. నిఘంటువులో ఈ అర్థం లేదు, చేర్చవలసి ఉన్నది.

తరువాత ప్రభుత్వపు తీగ ఆ ఊరికి వచ్చింది. సౌరకేంద్రం బ్యాటరీలు పాడై మూలపడింది. 2021 నాటికి ఆ చోట పశువులను కట్టివేస్తున్నట్లు వార్తలు వచ్చినవి. పల్లెవారికి కృతజ్ఞత లేదని పెదవి విరిచినవారు ఉన్నారు. వారి ఇంట ఫ్రిజ్జు ఉన్నదా అని అడగాలనిపిస్తుంది.

అట్లని ప్రభుత్వపు లెక్కలను తలకెత్తుకోను. మణిపూర్‌లోని లీసాంగ్‌కు తీగ చేరిన 2018 ఏప్రిల్ 28తో దేశంలోని గ్రామాలన్నీ విద్యుదీకరణ పొందాయని ప్రకటించారు. ఆ లెక్కలో బడి, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లతోపాటు నూటికి పది ఇండ్లు వెలిగితే చాలు, గ్రామం వెలిగినట్లే. తక్కిన తొంభై ఇండ్లవారు గ్రామస్థులు కారు కాబోలు! ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చే సౌభాగ్య పథకాన్ని 2017లో విడిగా ప్రారంభించవలసి రావడమే ఆ లెక్క డొల్లతనానికి సాక్ష్యం.

చీకటిని స్తుతించేవారు చివరకు గాంధీజీని సాక్షిగా పిలుస్తారు. 1909నాటి 'హింద్ స్వరాజ్'లో ఆయన యంత్రనాగరికతను నిందించిన మాట నిజమే. అయితే 1935లో 'హరిజన్' పత్రికలో, ప్రతి పల్లె ఇంటా విద్యుత్తు ఉండేటట్లయితే గ్రామస్థులు తమ పనిముట్లను దానితో నడుపుకోవడానికి తనకు అభ్యంతరం లేదన్నారు. అప్పుడు విద్యుత్కేంద్రం, పశువుల బీడు వలెనే, గ్రామసమాజానిదో ప్రభుత్వానిదో అయి ఉండవలెనన్నారు. ఈ సాక్షిని పిలిచినవారు సాక్ష్యం పూర్తిగా వినలేదు.

బీడు అన్న పోలిక గొప్పది. బీడు ఎవరో దయతలచి ఇచ్చిపోయినది కాదు. అందులో అందరి పశువులకూ సమానంగా చోటు దొరికిందని నేననను; మన పల్లెల సంగతి మనకు తెలియనిది కాదు. కాని ఆ హక్కు కొరకు పోట్లాడడానికి బీడు ఊరిలోనే ఉన్నది, ఢిల్లీలోనో విదేశంలోనో కాదు.

రాజస్థాన్‌లో తిలోనియాలో 1972లో ఆరంభమైన బేర్‌ఫుట్ కళాశాల అక్షరాలు రాని పల్లె స్త్రీలకు కూడా రంగుల గుర్తులతో, చేతిపనితో సౌరదీపాల మరమ్మతు నేర్పింది. చెడినదాన్ని బాగుచేయగల చెయ్యి ఊరిలోనే ఉండాలన్నది అక్కడి పట్టు. మన సిరిసిల్లలో 1970 ప్రాంతంలో మొదలైన విద్యుత్ సహకార సంఘం ఈ కోవకు మరొక వైపునుంచి వస్తుంది. అక్కడ వచ్చే కరెంటు గ్రిడ్డుదే. పంపిణీ మాత్రం సభ్యులు ఎన్నుకొన్న పాలకవర్గానిది. ఎన్నికలన్నాక రాజకీయాలు ఉంటవి, ఉండనీయండి. బిల్లు ఎక్కువైతే నిలదీయడానికి అక్కడ మనిషి దొరుకుతాడు.

ధర్నైలో బ్యాటరీలు మార్చవలసి వచ్చిననాడు డబ్బు ఎవరి చేతిలో ఉన్నది, తాళపుచెవి ఎవరి బొడ్డున ఉన్నది, నిర్ణయం ఏ ఊరిలో జరిగింది? దీనిని విచారించి హిందీలో ఎవరైనా వ్యాసం వ్రాస్తే, నా బల్లమీది నూనెదీపాల వ్యాసాలను పక్కకు నెట్టి ముందుగా దానినే తెలుగు చేస్తాను.