చౌక ప్రయాణం – ఎవరి కడుపు కొట్టి?



నలుగురు ఒకే బండెక్కి చార్జీ పంచుకోవడం మనకెవరూ నేర్పనక్కర లేదు. పరేల్, వర్లీ చాళ్ళలో ఉండేవారికి స్టేషన్ బయట షేర్ టాక్సీ పాత సంగతే. అప్పుడది బీదవాళ్ళ బండి. ఓలా, ఊబర్‌లు వచ్చి అదే పని ఫోను మీద చేయించేసరికి ఆధునికత అయిపోయింది!

జనం మాట వినండి. చార్జీ తగ్గితే కంపెనీ మంచిది. వానలో చార్జీ పెరిగితే మాత్రం డ్రైవరు దొంగ! ఫీనిక్స్ మిల్లు నేల మీద లేచిన మాల్ ముందు నిలబడి, కారు ఐదు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరును తిట్టేవారిని రోజూ చూస్తున్నాము. రేటు కట్టేది కంపెనీ అని, కమీషను ముందే కోసుకుంటుందని వారికి పట్టదు. మన సభ్యులలో కొందరూ ఇట్లే మాట్లాడుతున్నారు. ఆ బండ్లు నడిపేవారిలో మన పిల్లలు కూడా ఉన్నారు.

కంపెనీ డ్రైవరును పార్ట్‌నర్ అంటుంది. ఏమి భాగస్వామ్యమిది? బండి అప్పు, ఇంధనం, చలానా అన్నీ అతని నెత్తిన. రేటు మాత్రం కంపెనీది. ఫిర్యాదు వస్తే ఐడీ బందు. బద్లీ కార్డు పట్టుకొని పొద్దున్నే మిల్లు గేటు వద్ద నిలబడినవారికి ఈ బతుకు తెలుసు. పని దొరికితే కూలి, లేకుంటే చాయ్ తాగి ఇంటికి. బద్లీలను పర్మనెంటు చేయాలన్నది 1982 సమ్మె డిమాండ్లలో ఒకటి.

ఊబర్ డ్రైవర్లు వర్కర్లేనని, కనీస వేతనం, జీతంతో కూడిన సెలవు వారి హక్కని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న తేల్చింది. ఇక్కడ 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న గాని అమలుకు రాలేదు. కంపెనీలు టర్నోవరులో 1 నుండి 2 శాతం నిధికి కట్టాలన్నారు, సంతోషమే. కాని గిగ్ వర్కర్ అంటే యజమాని–ఉద్యోగి సంబంధానికి బయటివాడని అందులోనే వ్రాశారు. విస్తరి వేసి అన్నం వడ్డించనట్లున్నది. వేతనం, సెలవు, పని గంటలు ఎవరినడగాలి?

బొంబాయిలో ఈ డ్రైవర్లు 2018 అక్టోబరులోను, 2025 జూలైలోను బండ్లు ఆపారు. ఆపినప్పుడల్లా పేపర్లలో ప్రయాణికుల ఇబ్బందులే పెద్ద అక్షరాలు. మళ్ళీ ఆపిననాడు మనం బస్సెక్కుదాము. ఆజాద్ మైదానంలో వారి పక్కన మన జెండా ఉండాలి. ఇంట్లో క్యాబ్ నడిపేవారున్న సభ్యులు వారి పేర్లు యూనియన్ ఆఫీసులో వ్రాయించగలరు.