సీనియర్ల సాయానికీ లెక్క ఉండాలి

ముంబై హైవేపై పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి వైపు సాగితే ఫ్యాక్టరీల నడుమ చదువుల గేట్లు వరసగా కనిపిస్తాయి. 1972లో మొదలైన ఇక్రిశాట్, రుద్రారంలో గీతం, కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్. రోడ్డు దిగి కాస్త లోపలికి వెళ్తే సుల్తాన్‌పూర్‌లో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల, సంగారెడ్డి పట్నంలో తారా ప్రభుత్వ కళాశాల. ఎమ్మెస్సీకి, ఎంటెక్‌కి, పీహెచ్‌డీకి ఏటా ఎందరో ఈ గేట్లు దాటి లోపలికి వస్తారు. పరిశోధనకు వచ్చినవారికి గైడ్ ఉంటారు, కూర్చోవడానికి ల్యాబ్ ఉంటుంది, చాలామందికి స్టైపెండూ వస్తుంది. మొదటి ఏడాది గట్టెక్కించే తోటి విద్యార్థి దొరకడం మాత్రం అదృష్టాన్ని బట్టే. ఈ ఒక్కదాన్ని అదృష్టానికి వదిలేయడం తప్పు. సీనియర్ చేసే సాయాన్ని యూనివర్సిటీలు పనిగా గుర్తించాలి, గంటల్లో లెక్కకట్టాలి, నేర్పించి మరీ అప్పగించాలి.

బీటెక్ కుర్రాడి పరిస్థితి వేరు. క్లాసు మొత్తం ఒకే పరీక్ష రాస్తుంది, ఒకే మెస్‌లో తింటుంది, తప్పినా పది మంది తోడుంటారు. పీహెచ్‌డీలో చేరిన అమ్మాయికి ఆ గుంపు ఉండదు. కోర్సువర్క్ అయిపోగానే తన ప్రయోగం, తన గైడ్, తన గడువు. పక్క బల్ల మీద ఉన్నవారి సబ్జెక్టు కూడా వేరే. వయసు పాతికకు అటూ ఇటూ. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటాయి, లేదంటే చెల్లెలి ఫీజు కట్టే బాధ్యత నెత్తిన ఉంటుంది. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవారికి నెలకు వచ్చేది 12,400 రూపాయలు. పరిశోధకులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023లో నెలకు 31,000 నుంచి 37,000కు పెరిగింది. ఈ డబ్బు మీద ఇంటివాళ్లు కూడా ఆధారపడి ఉంటే, నచ్చని ల్యాబ్ వదిలి వెళ్లడం అంత తేలిక కాదు.

సీనియర్ చేసే పని దగ్గరి నుంచి చూస్తే చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్లాట్ ఎన్ని రోజుల ముందు బుక్ చేసుకోవాలి, శాంపిల్ ఎలా ఆరబెట్టి తీసుకెళ్లాలి, ఆపరేటర్‌తో ఎలా మాట్లాడాలి. డాక్టోరల్ కమిటీ మీటింగులో ఫలితాలు రాని నెలల గురించి ఏం చెప్పాలి. గైడ్‌కు పంపిన మెయిల్‌కు పది రోజులుగా జవాబు లేకపోతే మళ్లీ రాయాలా, గది తలుపు తట్టాలా. మొదటి పేపర్ తిరిగొచ్చిన రోజు రివ్యూయర్ రాసిన రెండు పేజీలు చదివి జూనియర్ ఇక తన పని అయిపోయిందనుకుంటుంది. సీనియర్ అక్క అదే కాగితం మీద పెన్సిల్ పెట్టి, ‘ఈ మూడూ వారంలో సరిచేయొచ్చు, ఇది వాళ్లకు అర్థం కాలేదంతే, ఈ ఒక్క ప్రయోగం మాత్రం మళ్లీ చేయాలి’ అని విడదీసి చూపిస్తుంది. ఈ పని గైడ్ చేయలేరని కాదు. కానీ తనకు మార్కులు వేసే మనిషి ముందు ‘నాకు అర్థం కాలేదు’ అనడానికి మన పిల్లలకు నోరు రాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి, ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరానికి అది మరీ కష్టం.

ఈ సంగతి ఢిల్లీకి తెలియక కాదు. ర్యాగింగ్ అరికట్టడానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లోనే ప్రతి విద్యాసంస్థలో మెంటారింగ్ సెల్ ఉండాలని స్పష్టంగా ఉంది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన విద్యార్థుల్లో ఆరుగురు కొత్తవారికి ఒక మెంటార్, అలాంటి ఆరుగురు మెంటార్లకు పైతరగతి మెంటార్ ఒకరు. లెక్క చక్కగా ఉంది. అమలు దగ్గరికి వచ్చేసరికి కొత్తవారంటే ఇంటర్ పూర్తిచేసి వచ్చిన పిల్లలే అన్న అర్థం స్థిరపడిపోయింది. ఇరవై ఆరేళ్లకు పరిశోధనలోకి వచ్చినవారూ కొత్తవారే, ఆ చోటికి వారూ పరాయివారేనన్న ఆలోచన చాలాచోట్ల లేదు.

ఈ నిర్లక్ష్యం మూల్యం ఎంతో సంగారెడ్డి జిల్లాకు తెలుసు. కంది క్యాంపస్‌లో 2019లోనూ, 2022లోనూ విద్యార్థుల మరణాలు అందరినీ కలచివేశాయి. వారిలో పీజీ విద్యార్థులూ ఉన్నారు. ఏ మరణానికీ కారణం ఒక్కటే అనలేం, తోడుంటే ఆగేదని బయటి నుంచి చెప్పడం ఆ కుటుంబాల పట్ల అన్యాయం. అయితే ఒంటరితనం ఈ చదువులో అంతర్భాగమైపోయిందన్నది కాదనలేని విషయం. 26 దేశాల పీజీ, పరిశోధక విద్యార్థులను పరిశీలించి 2018లో నేచర్ బయోటెక్నాలజీ ప్రచురించిన అధ్యయనం, కుంగుబాటు, ఆందోళన వారిలో సాధారణ జనం కన్నా ఆరు రెట్లు ఎక్కువని తేల్చింది. ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ పేరుతో కౌన్సెలింగ్ విభాగం ఉంది. అందులో కౌన్సెలర్లతో పాటు విద్యార్థి వాలంటీర్లూ పనిచేస్తారు. ఈ బెల్టులోని మిగతా కాలేజీలు చూసి నేర్చుకోవాల్సిన పద్ధతి అది. విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, వంద మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, చిన్న చిన్న బృందాలకు ప్రత్యేకంగా మెంటార్లనో కౌన్సెలర్లనో కేటాయించాలని చెప్పాయి.

మెంటార్ డాక్టర్ కాదు. అది మొదటి రోజే చెప్పాలి. జూనియర్ నిద్రపోవడం లేదని, బతకాలని లేదంటున్నాడని తెలిస్తే ఎవరికి చెప్పాలి, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఎప్పుడు వాడాలి అన్నది శిక్షణలో ఉండాలి. ఏ మాట తన దగ్గరే దాచాలో, ఏది దాచకూడదో కూడా. శిక్షణ ఇవ్వకుండా ఇరవై నాలుగేళ్ల ఎంటెక్ విద్యార్థి భుజాన ఇంత బరువు పెట్టడం క్రూరత్వం. అప్పుడు ఇద్దరూ మునుగుతారు.

ఇక అసలు చిక్కు సమయం. సర్టిఫికెట్ ఇస్తామంటే ఎవరూ రారు, వచ్చినా సెమిస్టర్ మధ్యలో జారుకుంటారు. వారి తప్పేమీ లేదు, థీసిస్ గడువు మెడ మీద ఉంటుంది. నేను చూసినంతలో ఈ సాయం చేసేది ఎప్పుడూ ఆ కొద్దిమందే. అమ్మాయిలు, మొదటితరం చదువరులు, తమ కులం పేరుతో ఒకప్పుడు వెలిని అనుభవించినవారు. తమకు ఎదురైన కష్టం మరొకరికి రాకూడదని చేస్తారు. వారి రెజ్యూమేలో ఆ గంటలు ఎక్కడా కనిపించవు. ఇది మారాలి. పరిశోధక విద్యార్థులకు వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియల్స్, ల్యాబ్ పని, మూల్యాంకనం అప్పగించవచ్చని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు చెబుతున్నాయి. స్టైపెండ్ తీసుకునే ఎంటెక్ విద్యార్థులకూ టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) డ్యూటీ ఉంటుంది. ఆ గంటల్లో రెండు మెంటారింగ్‌కు కేటాయిస్తే యూనివర్సిటీకి ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు. నలుగురిని కూర్చోబెట్టి వినడం, అభిప్రాయభేదం తీర్చడం, తనకు తెలియనిది తెలియదని ఒప్పుకోవడం ఇక్కడే అలవడతాయి. రేపు వీరే ల్యాబ్ నడపాలి, ప్లాంటులో షిఫ్టు నడపాలి.

ప్లాంటు అన్నాను కాబట్టి గేటు బయటి సంగతీ చెప్పాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు ఎందరో పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం మందుల కంపెనీల్లో ట్రైనీ కెమిస్టులుగా చేరతారు. క్వాలిటీ కంట్రోల్‌లో వేస్తారా, ప్రొడక్షన్‌లోనా? నైట్ షిఫ్టులు ఎన్ని? పీఎఫ్ కడతారా? సేఫ్టీ శిక్షణ నిజంగా ఇస్తారా, రిజిస్టర్‌లో సంతకమేనా? ఈ ప్రశ్నలు అడగాలని ప్రొఫెసర్ల కన్నా రెండేళ్ల ముందు పాసై అక్కడే పనిచేస్తున్న సీనియర్‌కు బాగా తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కూడా మన పిల్లల్ని ఏ వివరమూ తెలియకుండా ఆ గేట్లలోకి పంపడం తగదు. నెలకు ఒక ఆదివారం పాత విద్యార్థులు కాలేజీకి వచ్చి చివరి సెమిస్టర్ పిల్లలతో కూర్చుంటే చాలు.

ఐఐటీల్లో ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారు దగ్గరి ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠం చెప్పాలన్నది 2018లో మొదలైన ఆ పథకం ఉద్దేశాల్లో ఒకటి. చాలావరకు అది ఆన్‌లైన్ క్లాసులుగా మారిపోయింది. కంది ఫెలోలు వారానికోసారి బస్సెక్కి సంగారెడ్డికో పటాన్‌చెరుకో వచ్చి, డిగ్రీ పిల్లల ఎదుట నిలబడి చెబితే ఆ గంట విలువ వేరు. పీహెచ్‌డీ అంటే ఏమిటో తెలియని పిల్లలకు, అది చేస్తున్న మనిషి ఎదురుగా కనిపిస్తారు.

2009 నిబంధన ప్రకారం మెంటార్ల సెల్‌ను విద్యాసంవత్సరం చివర్లోనే, అంటే కొత్త బ్యాచ్ రాకముందే ఏర్పాటు చేయాలి. పీహెచ్‌డీ చేరికలు జూలైతో ఆగకుండా చాలాచోట్ల జనవరిలోనూ ఉంటాయి కాబట్టి జాబితా ఏడాదికి రెండుసార్లు సిద్ధం కావాలి. వేసవి సెలవుల్లోపు ప్రతి విభాగం తన మెంటార్ల పేర్లు, వారి శిక్షణ తేదీలు, వారికి కేటాయించిన టీఏ గంటలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. అడ్మిషన్ లెటర్‌తో పాటే ఆ మెంటార్ ఫోన్ నంబరు కూడా కొత్త విద్యార్థికి అందాలి.